పాత పికప్ బండి: కొనేముందు చూడాల్సినవి, కొన్నాక చేయాల్సినవి

(స్వయం ఉపాధి లబ్ధిదారుల అవగాహన సదస్సులో ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయిన వారు ఫోన్‌లో చదువుకోవడానికి వీలుగా రాసి పంపుతున్నాం.)



స్వయం ఉపాధి కింద ఏ యూనిట్ పెట్టుకుంటారు అని అడిగితే మీలో చాలామంది గూడ్స్ బండి అనే చెప్పారు. మంచి ఆలోచనే. కూరగాయలు మార్కెట్‌కు పోవాలన్నా, సిమెంటు బస్తాలు ఇంటి దగ్గరికి రావాలన్నా, టెంట్ హౌస్ సామాను ఫంక్షన్‌కు చేరాలన్నా చిన్న బండే కావాలి. 2005లో టాటా ఏస్ వచ్చాక ఈ రకం బండి మామూలు కుటుంబం కూడా కొనుక్కోగలిగేదిగా మారింది. ఆ తర్వాత దోస్త్, జీతో, సూపర్ క్యారీ వచ్చాయి. బొలెరో పికప్ సంగతి మీకు తెలిసిందే. కొత్త బండి ధర అందక చాలామంది పాత బండి చూసుకుంటున్నారు. అందులో తప్పేమీ లేదు.

కానీ ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. పాత బండి ఒక్కటే మన ఇంటికి రాదు. దాని పాత అప్పు, పాత చలాన్లు, పాత దెబ్బలు కూడా వెంట వస్తాయి. మనకు సాయం వచ్చేది ఒక్కసారే. ఆ డబ్బుతో ఇంకొకరి బాకీ కొనుక్కోకూడదు. ఈరోజు చెప్పేదంతా దాని గురించే.

1. ముందు మీ మంజూరు పత్రం చదవండి

బండి చూడటానికి పోకముందే మీ మంజూరు పత్రం తీసి చదవండి. చదవడం రాకపోతే చదివించుకోండి. పాత బండికి సాయం వర్తిస్తుందా, కొత్త బండికేనా? బండి ఎవరి పేరు మీద ఉండాలి? ఎన్నేళ్ల దాకా అమ్మకూడదు? ఈ మూడూ చూడండి. సందేహం ఉంటే ఆఫీసులో అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోండి. "ఏం కాదులే, నడుస్తది" అని బ్రోకరు చెప్పిన మాట రేపు తనిఖీలో పనికిరాదు.

ఇంకో సంగతి. మీకు అమ్మచూపిన బండి కూడా ఏదో ఒక పథకం కింద వేరే వాళ్లకు వచ్చిన బండి కావచ్చు. అలాంటి బండిని కొన్నేళ్ల దాకా అమ్మకూడదనే షరతు ఉండొచ్చు. తక్కువ ధరకు వస్తోందని ఆశపడితే పేరు మార్పిడి దగ్గర ఆగిపోతుంది.

2. మీ పనికి ఏ బండి సరిపోతుంది?

పక్కింటి వాళ్లు ఏం కొన్నారు అని కాదు, మీరు మోసేది ఏమిటి అని చూసుకోండి. ఊరి చుట్టూ కూరగాయలు, నీళ్ల డబ్బాలు, కిరాణా సరుకు అయితే టాటా ఏస్ తరహా చిన్న బండి చాలు. ఇటుక, ఇనుము, ధాన్యం బస్తాలు, దూరపు కిరాయిలు అయితే దోస్త్, బొలెరో పికప్ తరహా బండి కావాలి. చిన్న బండి కొని పెద్ద బరువు వేస్తే ముందు కమాన్ కట్టలు పోతాయి, తర్వాత టైర్లు, ఆ తర్వాత ఇంజన్.

ఎంత బరువు వేయొచ్చో ఆర్‌సీ మీదే ఉంటుంది. లాడెన్ వెయిట్ నుంచి అన్‌లాడెన్ వెయిట్ తీసేయండి. ఉదాహరణకు ఒకటి 1,600 కిలోలు, ఇంకొకటి 900 కిలోలు అనుకుందాం. మిగిలింది 700 కిలోలు. డ్రైవరు, పక్కన కూర్చున్న మనిషి బరువు కూడా అందులోనే. ఇద్దరూ కలిపి 130 కిలోలు ఉంటే సరుకుకు మిగిలేది 570. అంటే 50 కిలోల సిమెంటు బస్తాలు 11. అంతకు మించి వేస్తే అది ఓవర్‌లోడు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో ఓవర్‌లోడుకు జరిమానా 20,000 రూపాయలు, అదనంగా ఉన్న ప్రతి టన్నుకు 2,000. ఎక్కువైన సరుకు అక్కడే దించాలి. నెల సంపాదన ఒక్క పూటలో పోతుంది.

పర్మిట్ గురించి చాలామంది అడుగుతున్నారు. మొత్తం బరువు, అంటే సరుకుతో కలిపి, 3,000 కిలోలు దాటని గూడ్స్ బండికి చట్టంలోని 66వ సెక్షన్ పర్మిట్ నుంచి మినహాయింపు ఇచ్చింది. చిన్న బండ్లు దీని కిందికే వస్తాయి. పికప్‌లలో కొన్ని ఈ హద్దు దాటుతాయి, కాబట్టి ఆర్‌సీ చూసే నిర్ణయించుకోండి. లైసెన్సు విషయంలో, 7,500 కిలోల లోపు రవాణా బండికి ఎల్‌ఎంవీ లైసెన్సు సరిపోతుందని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చింది. లైసెన్సు గడువు మాత్రం దాటకుండా చూసుకోండి.

3. కాగితాలు చూశాకే ఇంజన్ స్టార్ట్ చేయండి

మనం చేసేది తిరగబడి ఉంటుంది. ముందు రంగు చూస్తాం, తర్వాత ఇంజన్ చప్పుడు వింటాం, బయానా ఇచ్చాక కాగితాలు అడుగుతాం. వరస మార్చండి.

ఆర్‌సీ: అమ్మే మనిషి పేరు, ఆర్‌సీ మీద పేరు ఒకటేనా? కాకపోతే అసలు ఓనరు వచ్చి సంతకం పెట్టాలి. ఇద్దరు ముగ్గురి చేతులు మారి, పేరు మాత్రం మొదటి ఓనరు మీదే ఉన్న బండ్లు అడ్డాల మీద చాలా దొరుకుతాయి. అలాంటి బండి ఎంత బాగున్నా అసలు ఓనరు దొరికే దాకా ఆగండి. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు ఆర్‌సీలో ఉన్నట్టే బండి మీద ఉన్నాయా అని ఒక్కో అక్షరం పోల్చి చూడండి. రుద్దినట్టు, మళ్లీ కొట్టినట్టు కనబడితే అక్కడి నుంచి వచ్చేయండి.

ఫైనాన్స్: ఆర్‌సీ మీద హైపోథికేషన్ అని బ్యాంకు పేరో ఫైనాన్స్ కంపెనీ పేరో ఉంటే ఆ బండి మీద అప్పు ఉన్నట్టే. "అప్పు కట్టేశాం, కాగితం రావాలి" అంటే ఆ కాగితం వచ్చాకే మాట్లాడదాం అనండి. కావాల్సినవి రెండు: ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే ఎన్‌వోసీ, రెండు వైపులా సంతకాలు అయిన ఫారం 35.

ఎఫ్‌సీ: రవాణా బండికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ లేకపోతే రోడ్డు మీద తిరిగే హక్కే లేదు. బండికి 8 ఏళ్లు వచ్చేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఎఫ్‌సీ చేయించాలి. వయసు పెరిగేకొద్దీ ఫీజు కూడా పెరుగుతుంది. 9 ఏళ్ల బండి 40,000 తక్కువకు వస్తోందంటే, ఏటా ఎఫ్‌సీకి రంగులు, రిపేర్లు, రెండు మూడు రోజుల కిరాయి నష్టం కూడా లెక్కలో వేసుకోండి.

పన్ను: కట్టింది లైఫ్ టాక్సా, మూడు నెలలకోసారి కట్టేదా చూడండి. గ్రీన్ టాక్స్ బాకీ ఉందేమో కనుక్కోండి.

చలాన్లు: పోలీసుల ఈ-చలానా సైటులో బండి నంబరు కొడితే బాకీలు కనబడతాయి. ఉన్నవన్నీ అమ్మేవాళ్లతోనే కట్టించండి.

నంబరు ప్లేటు: తెలంగాణలో 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ నంబర్లు ఇస్తున్నారు. అంతకు ముందు టీఎస్, 2014కు ముందు ఏపీ. టీఎస్ నంబరు ఉన్న బండిని టీజీకి మార్చాలని ఎవరైనా డబ్బులు అడిగితే నమ్మకండి, పాత నంబరు చెల్లుతుంది. వేరే రాష్ట్రం బండి అయితే అక్కడి ఆర్‌టీఓ నుంచి ఎన్‌వోసీ రావాలి, ఇక్కడ పన్ను కట్టాలి, నంబరు మార్చుకోవాలి. ఈ ఖర్చు కలుపుకున్నాక ఆ బండి నిజంగా చవకేనా అని చూడండి.

4. బండి ఎలా చూడాలి

మీకు నమ్మకమైన మెకానిక్‌ను వెంట తీసుకుపోండి. అమ్మేవాళ్లు చూపించిన మెకానిక్ వద్దు. అతనికి ఇచ్చే 500, 1,000 వృథా కాదు.

పొద్దున్నే వెళ్లండి. ఇంజన్ చల్లగా ఉండగా స్టార్ట్ చేయాలి. టాటా ఏస్‌లో ఇంజన్ సీటు కింద ఉంటుంది, సీటు ఎత్తి చెయ్యి పెట్టి చూడండి. మీరు వచ్చేసరికే వేడిగా ఉంటే ఎందుకు వేడి చేశారో అడగండి. స్టార్ట్ అయ్యాక పొగ గమనించండి. నీలం పొగ అంటే ఇంజన్ ఆయిల్ తాగుతోంది. ఆగకుండా తెల్ల పొగ వస్తుంటే నీళ్లు లోపలికి పోతున్నాయేమో చూడాలి. నల్ల పొగ అయితే డీజిల్ సరిగా మండటం లేదు. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీయిస్తే పొగ ఉబికి వస్తే లోపల అరిగిపోయినట్టే.

దేశమంతటా 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 బండ్లే రిజిస్టర్ అవుతున్నాయి. వాటి ఇంజన్‌లో సెన్సార్లు ఎక్కువ. మీటరు మీద ఇంజన్ లైటు వెలుగుతూ ఉంటే కంప్యూటర్ పెట్టి చూపించాకే కొనండి. తాళం తిప్పగానే ఆ లైటు వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. అసలు వెలగకపోతే దాన్ని పీకేశారని అనుమానించండి.

బండి కిందికి వంగి చూడండి. ఛాసిస్‌కు వెల్డింగ్ పెట్టారా, తుప్పు తిన్నదా? కమాన్ కట్టలకు అదనపు పట్టీలు కలిపి ఉంటే ఆ బండి ఓవర్‌లోడు మోసిందని అర్థం. కొత్త రంగు కింద ఇవన్నీ దాగుతాయి. టైరు పక్క నాలుగు అంకెలు ఉంటాయి. 2321 అంటే 2021లో 23వ వారంలో తయారైంది. నాలుగు టైర్లూ అయిపోయి ఉంటే ఆ ఖర్చు ధరలో తగ్గించి అడగండి. మీటరు తిప్పడం తేలిక, అందుకని కిలోమీటర్లు నమ్మకుండా బ్రేకు పెడల్ రబ్బరు, స్టీరింగ్, సీటు ఎంత అరిగాయో చూడండి.

చివరికి బరువుతో నడిపి చూడండి. ఖాళీ బండి అందరికీ నచ్చుతుంది. కొంచెం లోడు వేసి ఎత్తు ఎక్కిస్తేనే క్లచ్, గేర్లు, బ్రేకుల సంగతి తెలుస్తుంది.

5. డబ్బు, సంతకం, పేరు

ఇది అన్నిటికంటే ముఖ్యం. బయానా తక్కువే ఇవ్వండి, దానికి కూడా రసీదు తీసుకోండి. డబ్బు బ్యాంకు ద్వారా పంపండి. బండి మీద అప్పు ఉంటే ఆ మేరకు డబ్బు అమ్మేవాళ్ల చేతికి కాకుండా నేరుగా వారి లోను ఖాతాకు కట్టండి. ఎన్‌వోసీ చేతికి వచ్చాకే మిగతా డబ్బు ఇవ్వండి.

ఫారం 29, ఫారం 30 మీద అమ్మేవారి సంతకాలు తీసుకోండి. చట్టం ప్రకారం అదే రాష్ట్రంలోని బండి అయితే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. డెలివరీ నోట్‌లో తేదీతో పాటు టైము కూడా రాయించండి. బండి మీ చేతికి వచ్చే ముందు ఏదైనా జరిగి ఉంటే అది మీ మీదికి రాకూడదు. పాత ఓనరు ఫాస్టాగ్ తీసేయించి మీ పేరున కొత్తది తీసుకోండి.

"సంతకాలు అయ్యాయి కదా, పేరు నెమ్మదిగా మార్చుకుందాం" అనుకోకండి. రిజిస్టరులో ఎవరి పేరుంటే చట్టం కంటికి వారే ఓనరు. పేరు మార్చకుండా చేతులు మారిన బండి ప్రమాదం చేస్తే నష్టపరిహారం బాధ్యత రిజిస్టరులో ఉన్న ఓనరు మీదే ఉంటుందని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇది రెండు వైపులా పనిచేసే మాట. కొనేటప్పుడు మీ పేరు ఎక్కకపోతే బండి మీదని చూపించలేరు. రేపు మీరు అమ్మినప్పుడు మీ పేరు దిగకపోతే, ఎవరో చేసిన ప్రమాదానికి మీ ఇంటికి నోటీసు వస్తుంది.

ఇంకొకటి. ఓనరు చనిపోతే బండిని అలాగే నడుపుతూ ఉండకూడదు. 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి, మూడు నెలల లోపు ఫారం 31తో వారసుల పేరుకు మార్పించుకోవాలి. దుఃఖంలో ఈ పని మరిచిపోతారు, అందుకే ఇప్పుడే చెబుతున్నాను.

6. మిగతా డబ్బుకు అప్పు తీసుకుంటే

బ్యాంకులో ముద్ర రుణం గురించి అడగండి. 50,000 దాకా శిశు, 5 లక్షల దాకా కిశోర్, 10 లక్షల దాకా తరుణ్. వీటికి తాకట్టు అక్కర్లేదు. బయట ఫైనాన్స్ తీసుకుంటే "ఫ్లాట్ వడ్డీయా, తగ్గే బాకీ మీద వడ్డీయా" అని అడగండి.

2 లక్షలు, 12 శాతం, 3 సంవత్సరాలు అనుకుందాం. తగ్గే బాకీ మీద అయితే నెల కిస్తీ సుమారు 6,640, మొత్తం వడ్డీ 39,000 చిల్లర. అదే 12 శాతం ఫ్లాట్ అయితే వడ్డీ 72,000, కిస్తీ 7,555. చెప్పింది 12 శాతమే, పడేది మాత్రం 21 శాతం దాకా. ఒక్క ప్రశ్న అడగడం వల్ల మిగిలేది 32,000 రూపాయలకు పైనే.

7. నెల లెక్క ఇలా వేసుకోండి

ఇవి ఉదాహరణ అంకెలు. మీ ఊరి కిరాయి, మీ బండి మైలేజీ పెట్టి మీరే మళ్లీ వేసుకోవాలి.

నెలకు 22 రోజులు కిరాయి, రోజుకు 1,600. వచ్చేది 35,200.
డీజిల్: రోజుకు 80 కిలోమీటర్లు, లీటరుకు 16, లీటరు 100 రూపాయలు. రోజుకు 500, నెలకు 11,000.
కిస్తీ: 7,555.
ఇన్సూరెన్స్: ఏడాదికి 24,000 అనుకుంటే నెలకు 2,000.
టైర్లు, ఆయిల్, రిపేర్లు: 4,000.
ఎఫ్‌సీ, పన్ను, పొల్యూషన్: 500.
మొత్తం ఖర్చు 25,055. మిగిలేది 10,145.

ఇప్పుడు ఈ 10,145ను 22 రోజులకు పంచండి. రోజుకు 461 రూపాయలు. ఇది లాభం అనుకుంటాం, నిజానికి ఇది స్టీరింగ్ పట్టిన మనిషి కూలి. రోజుకు 600 ఇచ్చి డ్రైవరును పెడితే 13,200 పోతుంది, నెలకు 3,000 చేతి నుంచి పడుతుంది. కాబట్టి ఇంట్లో నడిపే మనిషి లేకుండా బండి తీసుకునే ముందు రెండుసార్లు ఆలోచించండి.

లెక్క మారాలంటే దారి రిటర్న్ లోడు. బోయినపల్లి మార్కెట్‌కు కూరగాయలు దించి ఖాళీగా వస్తే డీజిల్ రెండు వైపులా మనదే. వచ్చేటప్పుడు మీ ఊరి కిరాణా కొట్టు సరుకు 300 రూపాయలకు తెచ్చినా 22 రోజులకు 6,600. అందుకని బండి కొనకముందే ఇద్దరు ముగ్గురు వ్యాపారులతో రెండు వైపులా కిరాయి మాట్లాడుకోండి. ముందు కిరాయి, తర్వాత బండి.

8. ఇన్సూరెన్స్, మనుషులను ఎక్కించడం

7,500 కిలోల లోపు గూడ్స్ బండికి థర్డ్ పార్టీ ప్రీమియం 2022లో ఖరారు చేసిన రేటు ప్రకారం ఏడాదికి 16,049 రూపాయలు, జీఎస్టీ వేరు. కొన్న 14 రోజుల్లో పాలసీ మీ పేరుకు మార్చమని దరఖాస్తు పెట్టాలి. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, ఆ తేడా కట్టాలి.

అక్కలారా, ఇది మీకోసం ప్రత్యేకం. ఓనరు-డ్రైవరుకు 15 లక్షల ప్రమాద బీమా ఉంటుంది. అది బండి ఎవరి పేరున ఉందో వారికి, అదీ లైసెన్సు ఉంటేనే. ఆర్‌సీ మీ పేరున ఉండి, నడిపేది మీ ఆయనో కొడుకో అయితే ఆ 15 లక్షలు వాళ్లకు వస్తాయని అనుకోకండి. "నడిపే మనిషికి కవర్ కావాలి" అని ఏజెంటును అడిగి, పాలసీ మీద రాయించుకోండి.

ఇక మనుషుల సంగతి. పత్తి ఏరడానికి, మిర్చి ఏరడానికి కూలీలను వెనక ఎక్కించుకుని పోవడం మన దగ్గర మామూలైపోయింది. పెళ్లికి, జాతరకు కూడా అంతే. గూడ్స్ బండిలో సరుకు యజమానికి లేదా అతని మనిషికి మాత్రమే ఇన్సూరెన్స్ వర్తిస్తుంది. ఊరికే ఎక్కిన వారికి, కిరాయి ఇచ్చి ఎక్కిన వారికి వర్తించదని సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చింది. కంపెనీ ముందు కట్టినా తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోమని చెప్పిన తీర్పులు ఉన్నాయి. ఎక్కేది మన వాడకట్టు వాళ్లే, కాదనడం కష్టమే. అయినా కాదనండి. ప్రమాదం జరిగితే వాళ్ల ఇంటికీ దిక్కుండదు, మన ఇంటికీ దిక్కుండదు.

9. కొన్న మొదటి రోజు నుంచి

కొనగానే ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టరు, డీజిల్ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు మార్పించి, తేదీ, కిలోమీటర్లు రాసిపెట్టండి. పొద్దున్నే బండి తీసే ముందు ఆయిల్, నీళ్లు, టైర్ల గాలి, లైట్లు చూడండి. ఐదు నిమిషాల పని.

ఒక నోటుబుక్ పెట్టండి. ఎక్కడికి పోయింది, ఎంత వచ్చింది, డీజిల్ ఎంత, రిపేరు ఎంత. ఇంట్లో చదువుకునే పిల్లలు ఉంటే రాత్రి వాళ్లతో రాయించండి. రోజూ 200 రూపాయలు టైర్లకు, ఎఫ్‌సీకి, ఇన్సూరెన్స్‌కు అని వేరే ఖాతాలో వేయండి. అది కిరాయి డబ్బు కాదు, బండి డబ్బు. దాన్ని ముట్టుకోకండి.

డబ్బు ఇచ్చే ముందు ఈ ఏడింటికీ జవాబు చెప్పుకోండి:
అసలు ఓనరు ఎదురుగా ఉన్నారా?
ఫైనాన్స్ ఎన్‌వోసీ, ఫారం 35 ఉన్నాయా?
ఎఫ్‌సీ, పన్ను, చలాన్లు చూశామా?
మన మెకానిక్ లోడుతో నడిపి చూశాడా?
కిరాయి ముందే మాట్లాడుకున్నామా?
నడిపే మనిషి, అతనికి లైసెన్సు ఉన్నాయా?
నెల లెక్క కాగితం మీద వేశామా?

ఒక్కదానికి జవాబు లేకపోయినా ఆ రోజు డబ్బు ఇవ్వకండి. "ఇప్పుడు తీసుకోకపోతే వేరేవాళ్లు ఎత్తుకుపోతారు" అంటారు. ఎత్తుకుపోనివ్వండి. బండ్లు ఇంకా దొరుకుతాయి, మీ డబ్బు మళ్లీ దొరకదు.

ఈ కాగితం ఫోన్‌లో దాచుకోండి, బండి చూడటానికి పోయేటప్పుడు తీసి చదవండి, మీ సంఘంలోని మిగతా వాళ్లకు పంపండి. సందేహం ఉంటే మంజూరు పత్రం పట్టుకుని మండల ఆఫీసుకు రండి. మీ బండి మీ పేరున, బాకీ లేకుండా, రోజూ లోడుతో తిరగాలని కోరుకుంటున్నాను.